కొత్తవాడ దర్రీలకు వెబ్‌సైట్ పెట్టాను: నా అనుభవం

ఆరు బై తొమ్మిది అని రాసి అమ్మిన దర్రీ (నేల మీద పరుచుకునే జంపఖానా) వెడల్పు ఐదడుగుల పది అంగుళాలే ఉందని నాగపూర్ నుంచి ఒకావిడ టేపు పెట్టి కొలిచి, ఆ ఫొటో వాట్సాప్‌లో పంపింది. బాపుకు చూపిస్తే నవ్వాడు. “చేనేత బిడ్డా, అంగుళమో రెండంగుళాలో అటిటు అయితది. మగ్గం దిగినంక గుంజుకుంటది. గామెకు తెల్వదా?” అన్నాడు. ఆమెకెట్లా తెలుస్తుంది, మనం చెప్తేనే కదా. ఇంటికొచ్చి కొనేవాళ్ళయితే దర్రీని నేల మీద పరిపించుకుంటారు, మూలలు పట్టి లాగి చూస్తారు, మందం ఎంతుందో వేళ్ళతో నలిపి చూస్తారు, ఒక వంద తగ్గించమని అడిగి చంకన పెట్టుకుని పోతారు. నాగపూర్ ఆవిడ చేతిలో ఉన్నది మా పేజీలో రాసిన “ఆరు బై తొమ్మిది” అన్న ఒక్క ముక్క, అదీ తప్పే. డబ్బులు వాపస్ ఇచ్చాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మేమే భరించాం.

ఇది సైటు మొదలుపెట్టిన మూడో నెల ముచ్చట. ఈ మధ్య మా వాడలోనే ముగ్గురు నలుగురు “సైటు పెట్టాలంటే ఎంతైతది అక్కా” అని అడుగుతున్నారు. పెట్టడానికి పెద్దగా ఏమీ కాదు. పెట్టాక ఏమవుతుందో రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది, తర్వాత మూతపడింది. బాపు ఇంట్లోనే మగ్గం మీద దర్రీలు నేస్తాడు, ఇంట్లో మేం జంపఖానాలనే అంటాం. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొస్తే ముందు గదిలో సీలింగ్ దాకా దర్రీలు. ఎగ్జిబిషన్లు లేవు, చేనేత సొసైటీ తీసుకున్న సరుకు సొసైటీ దగ్గరే ఆగిపోయింది. ముందు ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్మి చూశాం. కమీషను, షిప్పింగు, రిటర్నులు పోను మిగిలింది చూసి బాపు “గీ పైసలకు మగ్గం నూకుడెందుకు” అన్నాడు. అప్పుడే సొంత సైటు ఆలోచన వచ్చింది.

హన్మకొండలో ఒక అబ్బాయి ముప్ఫై ఐదు వేలు చెప్పాడు, పద్దెనిమిదికి ఒప్పుకున్నాడు. సైటు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, దాని మీద ఆర్డర్లు తీసుకోవడానికి వూకామర్స్. ఈ రెండూ ఉచితంగానే దొరుకుతాయని నాకు తర్వాత తెలిసింది, డబ్బు తీసుకున్నది అతని పనికి, అందులో తప్పేం లేదు. తప్పు ఎక్కడంటే డొమైన్ పేరు (సైటు అడ్రసు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్లో చోటు) రెండూ అతని మెయిల్ ఐడీ మీద తీసుకున్నాడు, నేను అడగలేదు. ఏడాది తిరిగాక ఒక పొద్దున సైటు తెరిస్తే మా దర్రీల స్థానంలో ఎవరివో ప్రకటనలు. రెన్యువల్ మెయిల్ అతనికి పోయింది, అతను బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆ మెయిల్ చూడటమే మానేశాడు. మూడు రోజులు ఫోన్ చేస్తే దొరికాడు. మంచి పిల్లాడే, అప్పటికప్పుడు రెన్యూ చేసి, ట్రాన్స్‌ఫర్ కోడ్ పంపి మా ఖాతాలోకి మార్చాడు. దొరక్కపోతే ఆ పేరు పోయినట్టే, విజిటింగ్ కార్డుల మీద, ప్యాకింగ్ కవర్ల మీద అచ్చేసిన పేరు. కాబట్టి ఎవరితో చేయించుకున్నా డొమైన్ మాత్రం మీ మెయిల్ మీద, మీ కార్డుతో, మీరే కొనండి. పది నిమిషాల పని.

తెలుగు పేజీలది ఇంకో కథ. దర్రీ గురించి బాపు చెప్తుంటే నోట్‌బుక్‌లో రాసుకుని, పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు కొట్టే డీటీపీ సెంటర్లో టైపు చేయించాను. అతని కంప్యూటర్లో చక్కటి తెలుగు. ఆ ఫైలు తెచ్చి సైటులో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలిసిన పిచ్చి గీతలు. అతను కొట్టింది పాత ‘అను’ ఫాంట్లలో, ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లో కాదు. ఆ ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లిష్ కీలే, పైకి కనపడేది తెలుగు బొమ్మ. ఆ ఫాంటు లేని ఫోన్లో బొమ్మ పోయి కీలు మిగులుతాయి. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, వేసి చూశాను, ఒత్తులు కొన్ని చెల్లాచెదురైపోయాయి. చివరికి రెండు రాత్రులు కూర్చుని ఫోన్ కీబోర్డు మీద మొత్తం నేనే మళ్ళీ కొట్టాను.

ఫొటోలకు మొదట పెండ్లిళ్ళ ఫొటోగ్రాఫర్‌ని పిలిచాం. లైట్లు పెట్టి బ్రహ్మాండంగా తీశాడు, మెరూన్ దర్రీ టమాటా ఎరుపులో వచ్చింది. మొదటి నెల వచ్చిన ఐదు ఫిర్యాదుల్లో మూడు రంగు గురించే. ఇప్పుడు మా డాబా మీద, పొద్దున ఎనిమిదింటికి, ఎండ నేరుగా పడని చోట ఫోన్‌తోనే తీస్తాను, పక్కన తెల్ల కాగితం పెట్టి ఆ తెలుపు తెలుపులా కనిపించేదాకా సరిచేస్తాను. సైజు తెలియడానికి దర్రీ మూలన ఒక స్టీలు చెంబు పెట్టడం మొదలుపెట్టాను. దర్రీ సంగతి వదిలేసి ఆ చెంబు ఎంత అని అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు, ఇద్దరు. ఇంకో ముఖ్యమైన పని, ఫోన్‌లో తీసిన ఫొటో ఐదారు ఎంబీ ఉంటుంది, దాన్ని అలాగే ఎక్కిస్తే పల్లెల్లో ఫోన్ నెట్‌వర్క్ మీద పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్ళిపోతాడు. కుదించి నూట యాభై, రెండు వందల కేబీకి తెచ్చి ఎక్కిస్తున్నాను, కంటికి తేడా తెలియదు.

ఇక కాగితాలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు, ఆడిటర్ ఫీజే. చేతివృత్తుల సరుకుకు కొంత వెసులుబాటు ఉందని చెప్పారు గానీ, సైటులో కొన్నవాళ్ళ డబ్బు తీసుకుని మనకు చేర్చే పేమెంట్ గేట్‌వే వాళ్ళు, కొరియర్ వాళ్ళు అందరూ ముందు ఆ నంబరే అడుగుతారు కాబట్టి తీసుకున్నాం. తక్కువ లెక్కలుంటాయని చిన్న వ్యాపారాలకున్న కాంపొజిషన్ స్కీంలో చేరదామనుకున్నాను, మంచిదైంది ఆడిటర్ ఆపాడు. అందులో ఉంటే సరుకు రాష్ట్రం దాటించి అమ్మకూడదు, మా ఆర్డర్లలో ముక్కాలు భాగం బయటి రాష్ట్రాలవే. చేనేత దర్రీకి జీఎస్టీ 5 శాతం.

పేమెంట్ గేట్‌వే మమ్మల్ని రెండుసార్లు తిప్పికొట్టింది, అడ్రసు కలవడం లేదని. ఎట్లా కలుస్తుంది? 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు తీసేసి హన్మకొండ జిల్లా అన్నారు, వరంగల్ రూరల్‌ను వరంగల్ జిల్లా అన్నారు, మండలాలు అటూఇటూ మార్చారు. మా కొత్తవాడ నిన్నటిదాకా అర్బన్, తెల్లారేసరికి వరంగల్ జిల్లా. ఆధార్‌లో వరంగల్ అర్బన్, జీఎస్టీ కాగితంలో వరంగల్, సైటులో ఆ అబ్బాయి కొట్టింది హన్మకొండ, అది కూడా ఇంగ్లిష్‌లో ఒకచోట ఒక స్పెల్లింగు, ఇంకోచోట ఇంకోటి. ఎక్కడో కూర్చుని మా కాగితాలు చూసే మనిషికి ఇవి మూడు ఊర్లు. చివరికి జీఎస్టీ కాగితంలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా సైటులో అదే పెట్టాను, మూడోసారి పాసయింది. రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, నిబంధనలు, కాంటాక్ట్, ఈ పేజీలన్నీ ఉండాలి, లేకపోతే చూడను కూడా చూడరు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, నంబరు పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. “మనింట్ల ఆఫీసరెవరే?” అని బాపు ఒకటే నవ్వు. నేనే.

ఇంకో తొందరపాటు కూడా చెప్పాలి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా అని మొదటి పేజీలో పెద్దగా జీఐ లోగో పెట్టేశాను. అది ఊరందరిదీ అనుకున్నాను. ఆ గుర్తు వాడుకోవాలంటే ఎవరికి వాళ్ళు ఆథరైజ్డ్ యూజర్‌గా రిజిస్టర్ కావాలట. తెలిసిన రోజే తీసేశాను. ఇప్పుడు “వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద నేసింది” అని రాస్తాను, నేసినవారి పేరు రాస్తాను, కొనేవాళ్ళకు అదే ఎక్కువ నచ్చుతోంది.

అన్నిటికన్నా ఎక్కువ నిద్ర చెడగొట్టింది మాత్రం ఒక 3,150 రూపాయలు. పుణె నుంచి ఒకతను రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ రాలేదు, మీరు ఫ్రాడ్ అన్నాడు. సైటులో చూస్తే నిజంగానే ఆర్డర్ “పెండింగ్” అని ఉంది. ఏం చెప్పాలో తెలియక పొద్దున చెప్తానన్నాను, ఆ మాటతో ఇంకా అనుమానం పెంచానని ఇప్పుడు అనిపిస్తుంది. తెల్లారి గేట్‌వే ఖాతాలో వెతికితే డబ్బు వచ్చి ఉంది. జరిగిందేంటంటే, యూపీఐలో కట్టేటప్పుడు మనిషి మన సైటు నుంచి తన పేమెంట్ యాప్‌లోకి వెళ్తాడు, కట్టాక మళ్ళీ సైటుకు తిరిగొస్తేనే మన దగ్గర ఆర్డర్ పక్కా అవుతోంది. అతను కట్టేసి ఫోన్ పక్కన పడేశాడు. అందరూ అంతే, నేనైనా అంతే. ఇలాంటప్పుడు గేట్‌వే తనంతట తాను మన సర్వర్‌కు “డబ్బు అందింది” అని కబురు పంపే ఏర్పాటు ఒకటుంటుంది, దాన్ని వెబ్‌హుక్ అంటారు. మా సైటులో అది టెస్టింగ్ అప్పటి అడ్రసుకే పోతోంది, అంటే కబురు రోజూ వస్తోంది గానీ ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి పోతోంది. అడ్రసు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. వెనక్కి వెళ్ళి చూస్తే అంతకుముందు ఇంకో నలుగురివి ఇలాగే ఉన్నాయి, వాళ్ళు అడగను కూడా అడగలేదు. నలుగురికీ నేనే ఫోన్ చేశాను. పుణె అతను ఆ తర్వాత మూడుసార్లు కొన్నాడు.

ఆ 3,150లో గేట్‌వే తీసుకున్నది నూటికి రెండు లెక్కన 63 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 74 పైచిల్లర. ధర పెట్టేటప్పుడు ఇది కలుపుకోవాలి. నేను అకౌంట్స్ చదివి కూడా మొదటి మూడు నెలలు కలపలేదు.

కొరియర్ దగ్గర తగిలిన దెబ్బ ఇంకా పెద్దది. దర్రీ బరువు మూడు కిలోల పైచిలుకు, బిల్లు మాత్రం ఎనిమిదిన్నర కిలోలకు వేశారు. మోసం అనుకుని గొడవపడ్డాను. మోసం కాదు, వాళ్ళు తూకంతో పాటు పార్శిల్ ఆక్రమించే చోటు కూడా లెక్క కడతారు, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఎంతొస్తే అది, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. మేం దర్రీని గుండ్రంగా చుట్టి పంపుతున్నాం, చూడముచ్చటగా ఉంటుందని. ఆరడుగుల చుట్ట అంటే 183 సెంటీమీటర్లు, అటు 15, ఇటు 15, లెక్కిస్తే 8.2 వస్తుంది. అదే దర్రీని మడతపెట్టి 45, 35, 15 కొలతల్లో కడితే 4.7. మా అమ్మ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఎట్లా మడిస్తే చిన్నగా అవుతుందో తేల్చింది, పొడవులో ముందు మడిచి తర్వాత వెడల్పులో మడవాలి, చివర మోకాలితో తొక్కిపట్టి తాడు బిగించాలి. మడతల గీతలు పడతాయి, రెండు రోజులు పరిచి ఉంచితే పోతాయని ఒక చీటీ రాసి లోపల పెడతాం. చిన్న సైజులు, దూరపు పల్లెలకు పోయేవి పోస్టాఫీసుకే తీసుకెళ్తాను, కొరియర్ పోని ఊళ్ళకు కూడా పోస్టు పోతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి నాలుగు నెలలు నడిపి తీసేశాను. ఆర్‌టీఓ అంటే అప్పటిదాకా నాకు డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసే తెలుసు. కొరియర్ వాళ్ళ భాషలో కొన్నవాడు తీసుకోకపోతే సరుకు బయల్దేరిన చోటికే తిరిగి రావడం. పోయినప్పుడు ఛార్జీ, వచ్చినప్పుడు ఛార్జీ, పైగా దారిలో నలిగిన దర్రీని మళ్ళీ ఉతికి ఆరేయాలి. పదింటిలో మూడు నాలుగు తిరిగొచ్చేవి. తీసేసిన నెల ఆర్డర్లు సగానికి పడిపోయాయి, చేతికొచ్చిన లాభం మాత్రం పెరిగింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ముందు 200 కట్టించుకుని మిగతాది ఇంటి దగ్గర తీసుకుంటాం, 200 కట్టినవాళ్ళు ఎవరూ పార్శిల్ తిప్పి పంపలేదు.

స్టాకు లెక్క నాకు ఇప్పటికీ తలనొప్పే. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. జాతరకు ముందు మా దగ్గర దర్రీలు బాగా పోతాయి, అక్కడ గుడారం వేసుకుని రెండు మూడు రోజులు ఉండేవాళ్ళు కింద పరుచుకోవడానికి తీసుకెళ్తారు. నేను హన్మకొండలో మా అత్తగారింట్లో ఉన్నాను, చెన్నై నుంచి నీలం మీద తెల్ల గళ్ళ దర్రీకి ఆర్డర్ వచ్చింది. అది ఒక్కటే పీసు. సాయంత్రం ప్యాక్ చేయడానికి కొత్తవాడ పోతే ఆ దర్రీ వేలాడదీసిన మేకు ఖాళీగా ఉంది.

“అమ్మా, నీలందేదే?”

“పొద్దుగాల నర్సంపేటోళ్ళు కొంచవోయిండ్రు. తల్లుల దగ్గరికి పోతున్నరు బిడ్డా, ఎట్ల లేదంట?”

ఇంకేం మాట్లాడతాను. చెన్నై వాళ్ళకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, సమ్మక్క సారలమ్మ జాతర గురించి కూడా చెప్పాల్సి వచ్చింది. పాపం ఓపికగా విన్నారు, పదిహేను రోజులు ఆగితే అలాంటిదే బాపు నేసి ఇస్తాడంటే ఆగారు. అప్పటినుంచి సైటులో ఉన్న ప్రతి దర్రీకి ఒక ఎర్ర దారం కడుతున్నాం. ఎర్ర దారం ఉన్నది ఇంట్లో అమ్మాలంటే నాకు ఫోన్ చేయాలి, ముందు సైటులో తీసేస్తాను. వేలు పోసి స్టాక్ సాఫ్ట్‌వేర్ కొనమని ఒకరు సలహా ఇచ్చారు. మా అమ్మకు దారం చాలు.

గూగుల్‌లో కనపడటం గురించి రకరకాల వాళ్ళు ఫోన్లు చేస్తారు, నెలకు ఇంత ఇస్తే మొదటి పేజీలోకి తెస్తామని. ఒకరికి రెండు నెలలు ఇచ్చాను కూడా, ఏమీ జరగలేదు. తర్వాత గూగుల్ వాళ్ళదే సెర్చ్ కన్సోల్ నేనే తెరిచి జనం ఏ మాటలు కొట్టి మా దగ్గరికి వస్తున్నారో చూశాను. మేం “డర్రీస్” అని ఒకే మాట రాసుకున్నాం. జనం మాత్రం ఇంగ్లిష్‌లో హెచ్ పెట్టి ఒకరు, హెచ్ లేకుండా ఒకరు, దరీ అని, షత్రంజీ అని, జంపఖానా అని, జంకానా అని, పూజకు కింద పరిచేది అని కొడుతున్నారు. ఇవన్నీ పేజీల్లో మామూలు వాక్యాల్లో వచ్చేలా రాశాను, ఒక్కో దర్రీ దేనికి పనికొస్తుందో కూడా. నాలుగైదు నెలలకు తేడా కనపడింది. ఆగస్టు 7 చేనేత దినోత్సవం రోజు మాత్రం ఏమీ చేయకపోయినా ఆర్డర్లు వస్తాయి, ఆ రోజుకు వారం ముందే కొత్త ఫొటోలు ఎక్కించి పెట్టుకుంటాను.

2023 జులై ఆఖర్లో వానలకు వరంగల్ సగం నీళ్ళలో ఉన్నప్పుడు నాలుగు రోజులు కరెంటు లేదు, కొరియర్ లేదు, మా వీధిలో మగ్గం గుంటల్లోకి నీళ్ళు వచ్చిన ఇళ్ళున్నాయి. ఫోన్‌లోనే సైటు పైన రెండు వాక్యాలు పెట్టాను, ఇక్కడ వరద, పది రోజులు ఆలస్యం, వద్దనుకుంటే డబ్బు వాపస్ అని. ఒక్కరూ వద్దనలేదు.

కొలతల సంగతికి వస్తే, ఇప్పుడు నేను “ఆరు బై తొమ్మిది” అని రాయను. మగ్గం దిగి రెండు రోజులయ్యాక ప్రతి పీసును మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన అంకె రాస్తాను, బరువు రాస్తాను, మొదటి ఉతుకులో రంగు కొద్దిగా దిగుతుందని, కొత్తలో రంగు వాసన వారం ఉంటుందని రాస్తాను. ఇవి రాస్తే కొనరేమో అని బాపుకు భయం. రిటర్నులు నెలకు ఏడెనిమిది ఉండేవి, ఇప్పుడు ఒకటో రెండో. ఆర్డర్లు నెలకు ముప్ఫై లోపే, మా ఒక్క మగ్గానికీ, మామ వాళ్ళ రెండు మగ్గాలకూ సరిపోతాయి. ఇంట్లో అమ్ముడుపోయేది ఇప్పటికీ సగం ఉంటుంది.

పోయిన నెల జర్మనీ నుంచి ఒకాయన పన్నెండు దర్రీలు కావాలని మెయిల్ పెట్టాడు. బయటి దేశానికి పంపాలంటే ఐఈసీ అనే ఎగుమతి దిగుమతుల నంబరు కావాలి, పోస్టాఫీసు ద్వారా కూడా ఎగుమతి చేయొచ్చని తెలిసింది. ఫారం సగం నింపి పెట్టాను, జిల్లా పేరు దగ్గర ఆగాను. ఆధార్ మార్పించుకుని వచ్చాక మిగతాది.